రేడియోసెన్సిటివిటీ, ససెప్టిబిలిటీ: రెండింటినీ 'సున్నితత్వం' అనొచ్చా?

ప్రశ్న:
రేడియేషన్ చికిత్స మీద ఒక వ్యాసం తెలుగు చేస్తున్నాను. ఒకే డోసుకి కొందరికి చర్మం కాస్త ఎర్రబడి తగ్గిపోతుంది, కొందరికి పుండ్లు పడతాయి కదా, అలాంటి తేడాల గురించి రాస్తూ ఒకచోట రేడియోసెన్సిటివిటీ అని, ఇంకోచోట రేడియోససెప్టిబిలిటీ అని వాడారు. నేను రెండుచోట్లా 'సున్నితత్వం' అని పెట్టేశాను. తప్పా?

జవాబు 1:
తప్పే. పుండ్లు పడటం, కణజాలం దెబ్బతినడం సెన్సిటివిటీ. ఏళ్ల తర్వాత ఆ రేడియేషన్ వల్లే క్యాన్సర్ వచ్చే ముప్పు మిగతావాళ్లకన్నా ఎక్కువ ఉండటం ససెప్టిబిలిటీ. ఫ్రెంచ్ పరిశోధకుడు నికోలా ఫోరే, ఆయన సహచరులు ఈ రెండూ కలపొద్దనే అంటారు, కంటి శుక్లం లాంటివాటికి రేడియోడీజెనరేషన్ అని మూడో మాట కూడా పెట్టారు. పాత పేపర్లలో మాత్రం అన్నింటికీ సెన్సిటివిటీ అనే ఉంటుంది, కాబట్టి మాట చూసి కాదు, అక్కడ దేని గురించి చెబుతున్నారో చూసి అనువదించండి.

జవాబు 2:
ఉదాహరణ చూస్తే తేలిగ్గా అర్థమవుతుంది. గోర్లిన్ సిండ్రోమ్ అనే జన్యు జబ్బు ఉన్నవాళ్లకి రేడియేషన్ ఇచ్చిన చోట తర్వాత చర్మ క్యాన్సర్లు ఎక్కువగా వస్తాయి, అది ససెప్టిబిలిటీ. అటాక్సియా టెలాంజియెక్టేసియా అనే ఇంకో జన్యు జబ్బులో రెండూ ఉంటాయి. అందులో ఏటీఎం జన్యువు (1995లో కనుక్కున్నారు) పాడై, తెగిన డీఎన్ఏని కణం సరిగ్గా బాగుచేసుకోలేదు, మామూలు చికిత్స డోసే వాళ్ల ప్రాణం మీదికి తెస్తుంది.
ససెప్టిబిలిటీకి 'గ్రహణశీలత' అని మాత్రం రాయకండి, చదువులో చురుకు అనుకుంటారు :) 'రేడియేషన్ వల్ల క్యాన్సర్ ముప్పు' అంటే చాలు.

జవాబు 3:
ఇంకో చిక్కుంది. సున్నితత్వం ఎవరిది? 1906లో ఫ్రెంచ్ శాస్త్రవేత్తలు బెర్గోనియే, ట్రిబోండో చెప్పింది కణాల సంగతి, వేగంగా విభజన చెందేవి రేడియేషన్‌కి త్వరగా దెబ్బతింటాయని. మనిషికీ మనిషికీ ఉండే తేడా వేరే విషయం. లింఫోమా (ఒక రకం తెల్ల రక్తకణాల క్యాన్సర్) గడ్డ రేడియోసెన్సిటివ్ అంటే చికిత్సకి బాగా కరుగుతుందని, అది మంచి వార్త! అన్నట్టు, 'రేడియేషన్ అలర్జీ' అని కూడా రాస్తుంటారు, ఇందులో అలర్జీ ఏమీ లేదు.

ప్రశ్న అడిగినవారు:
అయ్యో, సరిగ్గా ఆ గడ్డ వాక్యాన్నే నేను 'రోగి రేడియేషన్‌ని తట్టుకోలేడు' అని రాశాను. ముందు అది మార్చి వస్తాను.