బేస్ గిటార్‌కి చిన్న ట్యూబ్ ఆంప్: 20 వాట్లా, 50 వాట్లా, అసలు వద్దా?

నాలుగుతీగలు

అందరికీ నమస్తే. హైదరాబాద్‌లో ఉంటాను. ఆదివారం పొద్దున చర్చిలో వాయిస్తాను, నెలకి రెండు మూడు శుక్రవారాలు ఒక పబ్బులో ముగ్గురం కలిసి వాయిస్తాం. ఇప్పుడున్నది 200 వాట్ల క్లాస్-డి కాంబో, అంటే తేలికైన ట్రాన్సిస్టర్ ఆంపూ స్పీకరూ ఒకే పెట్టెలో. మోయడానికి హాయి, సౌండుకి లోటు లేదు, కానీ ఏ నాబ్ తిప్పినా నోటు చప్పగానే ఉంటుంది. మొన్న ఒక స్టూడియోలో ట్యూబ్ హెడ్‌కి (గాజు వాల్వులతో నడిచే ఆంప్, స్పీకర్ విడిగా ఉంటుంది) నా బేస్ తగిలించి పది నిమిషాలు వాయించాను, అప్పట్నుంచి మనసు అక్కడే ఉంది. గట్టిగా లాగితే నోటు కొంచెం గరగరలాడుతుంది, మెల్లగా తాకితే గుండ్రంగా వస్తుంది, చెవికంటే ముందు వేళ్లకి తెలిసిపోతుంది.

మా పెద్దనాన్న కొడుకు డిసెంబర్లో డల్లాస్ నుంచి వస్తున్నాడు, ఒక హెడ్ తెస్తానన్నాడు. క్యాబినెట్‌తో (స్పీకర్ పెట్టె) కలిపి లక్షా పాతిక వేలు దాటకూడదు, దాటితే ఇంట్లో గొడవే. సెకండ్ హ్యాండ్‌లో చూస్తున్నవి ఆంపెగ్ పీఎఫ్-20టీ, పీఎఫ్-50టీ, ఇంకా డల్లాస్‌లోనే ఒకాయన అమ్ముతున్న 70ల నాటి ఫెండర్ బేస్‌మన్ 50 హెడ్. ట్యూబ్ 50 వాట్లంటే మామూలు ట్రాన్సిస్టర్ 200తో సమానం అంటారు, నిజమేనా? డ్రమ్మర్ పక్కన 20 వాట్లు ఆనుతాయా? అమెరికా ఆంప్ ఇక్కడి కరెంటుకి నడుస్తుందా?

బెజవాడ_లోఎండ్

తమ్ముడూ, ముందు ఆ 50 అంటే 200 అనే లెక్క మర్చిపో. వాట్ ఎక్కడైనా వాటే. ట్రాన్సిస్టర్ ఆంప్ హద్దు దాటగానే సౌండు టపటపా పగులుతుంది, భయపడి నాబ్ వెనక్కి తిప్పేస్తాం. ట్యూబ్ హద్దు దాటినా మెల్లగా నలుగుతుంది, నోటు మొదట్లో వచ్చే దెబ్బ అణిగి దాని వెనక తోక పెద్దగా వినిపిస్తుంది, మనకది తియ్యగానే ఉంటుంది కాబట్టి ఇంకాస్త తిప్పుతాం. పెద్దగా అనిపించేది అందుకే. నలగని సౌండే కావాలంటే మాత్రం 50 అంటే 50 మాత్రమే.

50ని 100 చేస్తే పెరిగేది 3 డెసిబెల్స్. చెవికి రెట్టింపు అనిపించాలంటే సుమారు పది రెట్ల వాట్లు కావాలి. కాబట్టి 20కీ 50కీ మధ్య 4 డెసిబెల్సే తేడా, అయినా బేస్ విషయంలో ఆ నాలుగే ప్రాణం. ఎందుకంటే మన కింది ‘ఈ’ (E) తీగ 41 హెర్ట్జ్, గిటార్‌ది 82. ఆ కింది నోట్లు మోయాలంటే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌లో (ట్యూబులకీ స్పీకర్‌కీ మధ్య ఉండేది) ఇనుము దండిగా ఉండాలి, స్పీకరు బోలెడు గాలి కదపాలి. గిటారిస్టు 20 వాట్ల ట్యూబ్‌తో డ్రమ్మర్ని మింగేస్తాడు, అదే 20తో మనం గుంపులో తప్పిపోతాం.

అలాగని చిన్నవి పనికిరావని కాదు. 1960లో వచ్చిన ఆంపెగ్ బీ-15 మొదట్లో 25 వాట్లే, ఒక్క 15 అంగుళాల స్పీకరు. మోటౌన్ రికార్డు కంపెనీలో బేస్ వాయించిన జేమ్స్ జేమర్సన్ క్లబ్బులకి తీసుకెళ్లింది అదే, రికార్డింగులో మాత్రం ఎక్కువగా నేరుగా మిక్సింగ్ బోర్డులోకే వాయించేవాడు. ఆ తర్వాత రాక్ పెద్ద స్టేజీలు ఎక్కాక 1969లో అదే కంపెనీ 300 వాట్ల ఎస్‌వీటీ తీసింది, ఆరు పవర్ ట్యూబులు, హెడ్ ఒక్కటే 38 కిలోల దాకా ఉంటుంది. మోసే కుర్రాళ్లుంటే కొనుక్కో 😄

బేస్‌మన్ పేరు చూసి మోసపోకు. 1952లో బేస్ కోసమే పుట్టింది, గిటారిస్టులు ఎత్తుకుపోయారు, మార్షల్ వాళ్ల మొదటి ఆంప్ కూడా ఆ 50ల చివరి బేస్‌మన్ సర్క్యూట్‌ని చూసి కట్టిందే. నువ్వు చెప్పిన 70ల హెడ్ నేను వాయించాను, గిటార్‌కి బంగారం, బేస్‌కి నా చెవికి కింద పలచగా ఉంది.

నా ఓటు 50టీకే. రెండు 6ఎల్6 ట్యూబులు. 20టీలో ఉండేవి రెండు 6వి6, అది ఇంట్లోకి, రికార్డింగుకి ముద్దుగా ఉంటుంది. మిగిలిన డబ్బంతా క్యాబినెట్ మీద పెట్టు. సెన్సిటివిటీ (ఒక్క వాటుకి స్పీకరు ఎన్ని డెసిబెల్స్ మోగుతుందో చెప్పే అంకె) 94 ఉన్న బాక్సు తీసేసి 100 ఉన్నది పెడితే నీ 50 వాట్లు 200 వాట్ల పని చేస్తాయి. స్పెక్ షీట్లో అందరూ వాట్లే చూస్తారు, ఆ అంకె ఎవడూ చూడడు.

కోఠి_సోల్డర్

కరెంటు సంగతి నేను చెప్తాను. 230 నుంచి 110కి దించే ట్రాన్స్‌ఫార్మర్ గుజరాతీ గల్లీలో అడగండి. 50 వాట్ల ఆంపేగా అని 100 వీఏది (వీఏ అంటే అది ఎంత లోడు మోయగలదో, సుమారు వాట్లలాగే) కొనకండి. ఆ 50 స్పీకర్‌కి వెళ్లేది, గోడ నుంచి లాగేది దానికి మూడు నాలుగు రెట్లు, ట్యూబుల్లో హీటర్లు వెలగాలి కదా. 500 వీఏ ఉంటే టెన్షన్ లేదు. అసలు చిక్కు వోల్టేజీ కాదు. వోల్టేజీ దించగలం, ఫ్రీక్వెన్సీ మార్చలేం. అక్కడ 60 హెర్ట్జ్, ఇక్కడ 50. వెనక 50/60 అని రాసుంటే ఫరవాలేదు, ఒట్టి 60 అనే ఉంటే లోపలి ట్రాన్స్‌ఫార్మర్ ఇక్కడ మామూలుకంటే ఎక్కువ వేడెక్కుతుంది. డబ్బు కట్టే ముందు మీ అన్నయ్యని వెనక ప్యానెల్ ఫోటో తీసి పంపమనండి.

ఇంకోటి. ట్యూబ్ హెడ్‌ని స్పీకర్ తగిలించకుండా ఎప్పుడూ నడపకండి. నేను ఒక పెళ్లి రిసెప్షన్లో హడావుడిగా స్పీకర్ జాక్ సగమే దూర్చి ఆన్ చేశాను, సౌండు రావట్లేదని వాల్యూమ్ పెంచుకుంటూ పోయాను. కాసేపటికి కాలిన వాసన. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ పోయింది, కొత్తది చుట్టించడానికి రెండు నెలలు తిరిగాను, వచ్చాక కూడా మునుపటి సౌండు రాలేదు. గిటార్ కేబుల్‌ని స్పీకర్‌కి వాడటం కూడా అలాంటిదే, సన్న తీగ, వేరే స్పీకర్ కేబుల్ కొనండి. క్యాబినెట్ 8 ఓమ్స్ (కరెంటుకి స్పీకర్ ఇచ్చే అడ్డు) అయితే హెడ్ వెనక 8లోనే పెట్టండి. సరదాకి మూత విప్పకండి, లోపల 400 వోల్టుల పైనే ఉంటుంది, ప్లగ్ పీకాక కూడా కెపాసిటర్లలో నిలిచి ఉంటుంది.

మా తాతయ్య మర్ఫీ రేడియోని వార్తలకి ముందే ఆన్ చేసి పెట్టేవాడు, వాల్వులు వేడెక్కాలని. ఇదీ ఆ జాతే, చర్చిలో మొదటి పాటకి ముందు కాస్త టైమ్ ఇవ్వండి.

ఆదివారం_బేస్

నేను ఒప్పుకోను బ్రదర్. నేనూ చర్చిలోనే వాయిస్తాను, పన్నెండేళ్లుగా. అక్కడ బేస్ డీఐ (సిగ్నల్‌ని నేరుగా పంపే చిన్న డబ్బా) నుంచి మిక్సర్‌కి వెళ్తుంది, జనానికి వినిపించేది పెద్ద స్పీకర్లు, మీ క్యాబినెట్ వినేది మీరూ డ్రమ్మరూ మాత్రమే. పైగా వెనక ఆంప్ గట్టిగా పెడితే మిక్సర్ దగ్గర కూర్చున్న తమ్ముడు పాట పాటకీ చెయ్యి ఊపుతాడు, తగ్గించు అన్నా తగ్గించు అని. ట్యూబ్‌ని నలిపితేనే ఆ రుచి వస్తుంది, నలపాలంటే వాల్యూమ్ కావాలి, చర్చిలో ఆ వాల్యూమ్ ఎవరు ఇస్తారు? ఇళయరాజా పాటల్లో బేస్ లైన్లు నేర్చుకుని పెరిగినవాణ్ణి, నాకు నోటు స్పష్టంగా వినిపిస్తే చాలు.

ఒక మంచి ప్రీఆంప్ పెడల్ (ఆంప్ ముందే సౌండు రంగు మార్చే డబ్బా) తీసుకుని మీ 200 వాట్ల కాంబో ముందు పెట్టండి. సాన్స్‌ఆంప్ అనే పెడల్లో ట్యూబే ఉండదు, అయినా ఎంతమంది దాంతో రికార్డు చేశారో. లక్ష మిగులుతుంది.

బెజవాడ_లోఎండ్

@ఆదివారం_బేస్ చర్చి వరకు మీ మాటే కరెక్ట్ అండీ, కాదనను. కానీ పెడల్లో వచ్చేది గరగర, పవర్ ట్యూబులూ ట్రాన్స్‌ఫార్మరూ కలిసి వేళ్ల కింద కొంచెం సాగినట్టు ఇచ్చే ఆ ఫీల్ నాకు ఏ పెడల్లోనూ దొరకలేదు. అతను స్టూడియోలో పడింది దానికే. తమ్ముడూ, పబ్బులో బేస్ పీఏలోకి (జనం వైపు పెట్టే పెద్ద స్పీకర్లు) వెళ్తుందా?

నాలుగుతీగలు

పబ్బులో రెండు టాప్ స్పీకర్లే అన్నా, సబ్ (కింది నోట్లు మోసే పెద్ద స్పీకరు) లేదు, అందులో గొంతు, గిటార్ కొంచెం. బేస్ మొత్తం నా ఆంప్ నుంచే. యాభై అరవై మంది పట్టే చోటు. డ్రమ్మర్ గురించి ఏం చెప్పను, స్టిక్స్ నెలకి రెండు జతలు విరగ్గొడతాడు.

అన్నయ్య ఫోటో పంపాడు. బేస్‌మన్ వెనక 117 వోల్టులు, 60 హెర్ట్జ్ అని ఉంది, 50 ఊసే లేదు. దాన్ని వదిలేశాను. కోఠి గారికి థాంక్స్, లేకపోతే ఈపాటికి డబ్బు పంపేసేవాణ్ణి.

కోఠి_సోల్డర్

మంచి పని చేశారు. పీఎఫ్ కూడా ఫోటో చూశాకే.

బెజవాడ_లోఎండ్

సబ్ లేదు, ఆ డ్రమ్మర్ అంటున్నావు. అయితే 20 మాట మర్చిపో, 50 కూడా మంచి క్యాబినెట్‌తో అంచు మీదే ఉంటుంది, పాటంతా నలుగుతూనే ఉంటుంది. 100 వాట్ల ట్యూబ్ హెడ్ అయితే నిశ్చింత, నీ బడ్జెట్‌లో కష్టం. నేను వచ్చే శనివారం హైదరాబాద్ వస్తున్నా, నా దగ్గర 50 వాట్ల హెడ్ ఉంది, కార్లో పడేస్తా. మీ రిహార్సల్ రూమ్‌లో నీ డ్రమ్మర్ పక్కన పెట్టి వినేద్దాం, ఆ తర్వాతే డల్లాస్‌కి డబ్బు పంపు. మెల్లగా కొట్టమని ముందే చెప్పకు అతనికి.

నాలుగుతీగలు

అన్నా సూపర్. రూమ్ సాయంత్రం 4కి బుక్ చేశాను. 15 అంగుళాల క్యాబినెట్ ఒక ఫ్రెండ్ దగ్గర ఉంది, 8 ఓమ్స్, తెప్పిస్తున్నా. స్పీకర్ కేబుల్ కూడా కొన్నాను, జాక్ పూర్తిగా దూరుస్తా 🙏