ఓడుతున్న జట్టులోకి నిలకడ లేని కుర్రాణ్ని తీసుకోవచ్చా?

ఉప్పల్ వాసి: హైదరాబాద్ క్రికెట్ లీగ్ ఏ-1 డివిజన్‌లో వరుసగా ఓడుతున్న మా జట్టులోకి పదిహేడేళ్ల బ్యాటర్‌ను తీసుకుందామంటున్నారు. ఆట అద్భుతం, కానీ సాధనకు వేళకు రాడు, ఔటైతే బ్యాటు విసిరేస్తాడు. నేను వద్దంటున్నాను. 2018 ఐపీఎల్‌కు ఢిల్లీ కుర్ర బ్యాటర్ పృథ్వీ షాను 1.2 కోట్లకు కొని, ఆ ఏడాది చివరి స్థానంలోనే నిలిచింది. తొలి టెస్టులోనే శతకం కొట్టిన అతణ్ని 2024లో ముంబై రంజీ జట్టు పక్కన పెట్టింది, ఆ తర్వాతి ఐపీఎల్ వేలంలో ఎవరూ కొనలేదు. ఓడే జట్టుకు కుర్రాడి పరుగులే కావాలి, అతణ్ని మందలించే తీరిక ఎవరికీ ఉండదు.

సికింద్రాబాద్ స్పిన్నర్: మన తిలక్ వర్మను మరిచారా? 2022 ఐపీఎల్‌లో ముంబై అట్టడుగున నిలిచినా, పందొమ్మిదేళ్ల తిలక్ 397 పరుగులు చేశాడు.

ఉప్పల్ వాసి: అది లెక్కలోకి రాదండీ. వేలం నాటికి ముంబై ఓడే జట్టు కాదు, ఐదు టైటిళ్లు గెలిచిన జట్టు.

సికింద్రాబాద్ స్పిన్నర్: అయితే ఢిల్లీ కూడా రాదు. షాను కొనేనాటికి అది అట్టడుగు జట్టు కాదు, ముందటి ఏడాది ఆరో స్థానంలో నిలిచిన జట్టు.

మల్కాజిగిరి: పద్నాలుగేళ్ల వైభవ్ సూర్యవంశీ 2025లో 35 బంతుల్లోనే శతకం కొట్టాడు, రాజస్థాన్ మాత్రం తొమ్మిదో స్థానంలో ఆగింది. ఇద్దరూ రాసుకోండి.

సికింద్రాబాద్ స్పిన్నర్: స్థానాలు పక్కన పెట్టండి. తిలక్‌ను కోచ్ సలామ్ బయాష్ తన బండి మీద ఎక్కించుకొని లింగంపల్లి అకాడమీకి తీసుకెళ్లేవారు. మీ కుర్రాణ్ని వేళకు తీసుకొచ్చేవారు ఎవరైనా ఉన్నారా అన్నదే నా ప్రశ్న. నా పదహారో ఏట ఒక జట్టు “ఇంకా పరిపక్వత రాలేదు” అంటూ రెండు సీజన్లు బెంచీకే పరిమితం చేసింది. ప్యాడ్లు కట్టుకొని సాయంత్రం దాకా కూర్చుని, కట్టినవి కట్టినట్టే విప్పుకొని ఇంటికి వెళ్లేవాణ్ని. అది ఏ పరిపక్వతను నేర్పిందో చెప్పండి.

ఉప్పల్ వాసి: మీ కోపం నా మీద ఎందుకు? ఆ కుర్రాడు వస్తే పోయేది మా తమ్ముడి స్థానం. తొమ్మిదేళ్లుగా ఎప్పుడు పిలిచినా వచ్చి, ఏ స్థానంలో దింపినా ఆడాడు.

సికింద్రాబాద్ స్పిన్నర్: ఈ మాట మొదటే చెప్పవలసింది. అప్పుడు ఆ కుర్రాడి స్వభావం గురించి కాకుండా, ఓపికగా ఎదురుచూసినవారికి జట్టు ఏం బాకీ పడిందో మాట్లాడుకునేవాళ్లం. ఆ బాకీ నిజమే, కానీ కుర్రాడి నుంచి వసూలు చేయకండి. ఇద్దరినీ ఆడించే వీలు లేదా?

ఉప్పల్ వాసి: తెలియదు. మొన్న ఆదివారం ఎంపిక మ్యాచ్‌లో ఔటై అతడు విసిరిన బ్యాటును మా తమ్ముడే తీసుకొచ్చి, పిడికి అంటిన మట్టి దులిపి అతని సంచిలో పెట్టాడు. కుర్రాడు తల ఎత్తలేదు.