వికీలో ఒకరు చేర్చినది అడక్కుండా మొత్తం తీసేయొచ్చా? (యూటీఎఫ్-8 వ్యాసం గొడవ)

మహేంద్రతనయ (పర్లాకిమిడి):
తెలుగు వికీపీడియాలో యూటీఎఫ్-8 (అన్ని లిపుల రాతనీ కంప్యూటర్‌లో బైట్లుగా దాచే పద్ధతి) వ్యాసానికి ఒక పట్టిక చేర్చాను. ఏ లిపిలో ఒక్కో సంకేతాన్ని (క, దీర్ఘం, పొల్లు లాంటి ఒక్కో గుర్తుని) దాచడానికి కంప్యూటర్‌కి ఎన్ని బైట్లు పడతాయో అందులో ఉంది. ఇంగ్లీషుకి 1, తెలుగుకి 3, ఒడియాకి 3, సవరల సొరా సొంపెంగ్ లిపికి 4. నిజానికి ఆ చివరి వరుస కోసమే పని మొదలుపెట్టాను. మా గజపతి జిల్లాలో, అటు గుణుపురం వైపు సవరలు ఎంతమంది ఉన్నారో మీకు తెలుసు. వాళ్ళ లిపిని 1936లో మంగెయి గొమాంగో తయారుచేశారు. 2012లో యూనికోడ్‌లోకి (లిపుల్లోని ఒక్కో సంకేతానికి ఒక్కో సంఖ్య ఇచ్చే ప్రమాణంలోకి) వచ్చింది. పొద్దున చూస్తే పట్టిక లేదు, దాని కింద రాసిన పేరాలూ లేవు. తీసేసింది ఈ ఫోరంలోనే ఉన్న పాతకాపు గారని పేజీ చరిత్రలో కనిపించింది. అందుకే ఇక్కడే అడుగుతున్నాను. ఇది పద్ధతేనా?

బరంపురం పాతకాపు:
తీసింది నేనే. "ప్రతి తెలుగు అక్షరానికీ 3 బైట్లు" అని రాశారు. తప్పు. "క" అయితే 3 బైట్లు. "కా" రాస్తే క, దీర్ఘం కలిపి 6. "క్షి" చూడండి: క, పొల్లు, ష, గుడి. నాలుగు సంకేతాలు, 12 బైట్లు. పిల్లలు వికీ చూసి పరీక్షల్లో రాసేస్తున్నారు. పైగా ఒక్క మూలం కూడా ఇవ్వలేదు. దిద్దుబాటు సారాంశంలో కారణం రాశాను.

గుణుపురం కుర్రాడు:
ఆ ఒక్క వాక్యం దిద్దితే సరిపోయేది కదండీ.

బరంపురం పాతకాపు:
ఎవరు దిద్దాలి? ఎప్పుడూ నేనేనా? మూలం లేని పేరాలో ఒక వాక్యం తప్పని తేలితే, మిగతావి ఒప్పని నాకెలా తెలుస్తుంది? ప్రతి వాక్యం నేనే వెతికి సరిచూడాలి. రాసినవాళ్ళు చేయాల్సిన పని అది.

మహేంద్రతనయ:
సరిచూడ్డానికి అంత వెతకాల్సింది ఏముంది? యూనికోడ్‌లో తెలుగు సంకేతాల సంఖ్యలు 3072 నుంచి 3199 వరకు, ఒడియావి 2816 నుంచి 2943 వరకు. యూటీఎఫ్-8లో 2048 నుంచి 65535 దాకా ఏ సంకేతానికైనా 3 బైట్లే. సొరా సొంపెంగ్ 69840 దగ్గర మొదలవుతుంది కాబట్టి 4. యూనికోడ్ చార్టు తెరిస్తే కనిపిస్తుంది. కూడికలు తీసివేతల లాంటి మామూలు లెక్కని సొంత పరిశోధన (వికీలో ఒప్పుకోనిది) అనరని ఇంగ్లీషు వికీ నియమాల్లోనే ఉంది.

బరంపురం పాతకాపు:
చార్టు తెరిస్తే కనిపించేదాన్ని మూలంగా ఇవ్వడానికి ఏమైంది? ఇప్పుడు కూడా మీరు "సంకేతానికి" అంటున్నారు. వ్యాసంలో "అక్షరానికి" అని ఉంది. నేను తీసింది దాన్నే.

మహేంద్రతనయ:
లేదు, మీరు పట్టిక కూడా తీశారు. పట్టికలో అక్షరం అన్న మాటే లేదు.

జయపురం మాస్టారు:
ఇద్దరూ కాస్త ఆగండి. గిడుగు రామమూర్తి పంతులు గారు ఏళ్ళ తరబడి పర్లాకిమిడిలో ఉండి సవరలతో కలిసి తిరిగి, వాళ్ళ భాషకి వ్యాకరణం, నిఘంటువు తయారుచేశారు. ఆ ఊరి అమ్మాయి సవర లిపి గురించి తెలుగులో ఒక వరుస రాస్తే తీసేస్తారా? నాకు బాధగా ఉంది.

బరంపురం పాతకాపు:
మాస్టారూ, గిడుగు గారంటే మీకెంత గౌరవమో నాకూ అంతే. ఆయన ప్రతి మాటా సవరల నోట విని, సరిచూసుకుని రాశారు. నేను అడుగుతున్నదీ అదే.

జయపురం మాస్టారు:
అలా సరిచూసుకోవడానికి ఆయన పక్కన సవర మనుషులు ఉన్నారు బాబూ. ఈ అమ్మాయి పక్కన ఎవరున్నారు?

మహేంద్రతనయ:
నేను అంటున్నదీ అదే మాస్టారూ. నేను చదివింది ఒడియా మీడియం. బళ్ళో తెలుగు లేదు, అమ్మ దగ్గర నేర్చుకున్నాను. శ్రీకాకుళం వెళ్తే ఒరిస్సా వాళ్ళంటారు, ఇక్కడేమో ఆంధ్రా వాళ్ళంటారు. ఒక కంప్యూటర్ ట్రైనింగ్ సెంటర్‌లో తెలుగు ఫైలు తెరిస్తే అన్నీ గళ్ళు గళ్ళుగా వచ్చాయి. ఏమిటని అడిగితే "మీ భాష ఇక్కడ పనిచెయ్యదు" అన్నారు. యూటీఎఫ్-8 గురించి చదవడం అప్పుడే మొదలుపెట్టాను. మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌లో "యూటీఎఫ్8" అని ఉండే పాత పద్ధతి 3 బైట్ల వరకే పట్టుకుంటుంది. అందులో తెలుగు, ఒడియా నిలుస్తాయి. ఎమోజీలు, సవర లిపి నిలవవు. తీసేసిన పేరాల్లో ఉన్నది ఇదే. పాతకాపు గారు అక్కడిదాకా చదివారా?

బరంపురం పాతకాపు:
చదివాను. మీ భాష గురించి నేను ఒక్క మాట అన్నానా? ఆ ట్రైనింగ్ సెంటర్ కోపం నా మీద చూపిస్తే ఎలా? ఇక నా సంగతి వినండి. 2009 తర్వాత గూగుల్ తన అనువాద సాధనంతో కొన్ని భారతీయ భాషల వికీల్లోకి వ్యాసాలు ఎక్కించింది. తెలుగులోకీ వచ్చాయి. చాంతాడంత వ్యాసాలు, తలా తోకా లేని వాక్యాలు. రాసినవాళ్ళు వెళ్ళిపోయారు, బాగుచేసే పని మాలాంటి వాళ్ళ మీద పడింది. ఆ తర్వాత వర్క్‌షాపులు. వస్తారు, ఫొటో దిగుతారు, కంప్యూటర్ పదాల మీద తలా ఓ మొలక (రెండు మూడు వాక్యాల) వ్యాసం పెడతారు, మళ్ళీ కనిపించరు. అన్నం తిన్నాక రాత్రి కూర్చుని అవి దిద్దేది నేను. మా ఇంట్లో దీని మీద గొడవలవుతున్నాయి.

నాగావళి (రాయగడ):
ఆవిడ వర్క్‌షాపు మనిషి కాదు కదా అన్నయ్యా.

బరంపురం పాతకాపు:
ఆ సంగతి నాకెలా తెలుస్తుందమ్మా?

మహేంద్రతనయ:
అడిగితే తెలిసేది! పట్టిక పెట్టే ముందే చర్చ పేజీలో రాశాను, "ఇలా చేర్చాలనుకుంటున్నాను, ఎవరికైనా అభ్యంతరమా" అని. జవాబు లేదు. సరేనని పెట్టాను. మీరు తీసేశాక మళ్ళీ అక్కడే అడిగాను. అప్పుడూ జవాబు లేదు. అందుకే ఈ ఫోరంకి రావాల్సి వచ్చింది.

బరంపురం పాతకాపు:
చర్చ పేజీలో నేను రాసిన ప్రశ్నలు ఏళ్ళుగా అలాగే ఉన్నాయి. కంప్యూటర్ వ్యాసాల్లో ఏది ఉంచాలి, ఏది కలపాలి అని అడిగితే ఒక్కరూ పలకలేదు. ఎవరూ రాని చోట ఎంతకాలం ఎదురుచూస్తాను? నాకు సరి అనిపించింది చేసుకుపోతున్నాను.

జయపురం మాస్టారు:
ఇన్నాళ్ళకి అక్కడికి ఒక మనిషి వచ్చింది కదా బాబూ.

బరంపురం పాతకాపు:
వస్తే సంతోషమే. కానీ ఆ వచ్చిన మనిషి కోసం తప్పు వాక్యాన్ని నాలుగు రోజులు ఉంచమంటే నేను ఉంచను. చదివేవాడికి మా మొహమాటాలు తెలియవు.

మహేంద్రతనయ:
వాక్యం ఉంచమని నేను అడగలేదు. నన్ను అడిగి దిద్దమంటున్నాను. పని ఎంత తప్పులేకుండా జరిగినా, ఒకరే కూర్చుని మిగతావాళ్ళవి తీసేస్తుంటే కలిసి రాయడం ఎక్కడిది? నావరకు నాకు వ్యాసం కంటే అదే ముఖ్యం.

బరంపురం పాతకాపు:
నాకు వ్యాసమే ముఖ్యం.

గుణుపురం కుర్రాడు:
అసలు తేడా ఇక్కడ ఉందన్నమాట. బైట్లలో కాదు.

మహేంద్రతనయ:
చర్చ పేజీలో కొత్త వాక్యం పెట్టాను: "తెలుగులో ఒక్కో సంకేతానికి 3 బైట్లు పడతాయి, గుణింతపు గుర్తుల్నీ ఒత్తుల్లోని సంకేతాల్నీ విడిగా లెక్కపెట్టాలి." మూలాలుగా యూనికోడ్ చార్టులు, 2003 నవంబరులో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 3629 (యూటీఎఫ్-8 నియమాల పత్రం). అందులోనే యూటీఎఫ్-8ని 4 బైట్లకి పరిమితం చేశారు.

బరంపురం పాతకాపు:
చూశాను. వాక్యం బాగుంది, మూలాలు సరిపోతాయి. మైఎస్‌క్యూఎల్ పేరాకి కూడా దాని మాన్యువల్ లింకు ఇవ్వండి. ఇచ్చి, పట్టిక మీరే మళ్ళీ పెట్టండి.

మహేంద్రతనయ:
లింకు ఇస్తాను. పట్టిక నేను పెట్టను. రద్దు చేసింది మీరు, ఆ రద్దును మీరే వెనక్కి తీసుకోండి. నేను రాసినట్టు చరిత్రలో ఎలాగూ ఉంది. మీరు తిరిగి పెట్టినట్టు కూడా అక్కడ ఉండాలి.

బరంపురం పాతకాపు:
అది కుదరదు. మూలం ఇచ్చినవాళ్ళే పెట్టడం పద్ధతి.

నాగావళి (రాయగడ):
అన్నయ్యా, చర్చ పేజీలో ఆవిడ ప్రశ్న కింద "సరే" అని ఒక్క మాటైనా రాయండి. ఇక్కడ కాదు, అక్కడ.