గేటు దగ్గర మొరాయించే గుర్రం: కోచ్ మాట వినాలా?

ఫ్రిస్కో నాన్న:
టెక్సస్‌లో ఉంటాం. మా అమ్మాయి బారెల్ రేసింగ్ నేర్చుకుంటోంది. తెలియనివాళ్లకి: గుర్రం మీద మూడు డ్రమ్ములు చుట్టి గేటుకి పరిగెత్తాలి, డ్రమ్ము పడితే 5 సెకన్లు కలుపుతారు. ప్రాక్టీసులో గుర్రం బంగారం. పోటీ రోజు గేటు ముందు సందులోకి రాగానే వెనక్కి నడుస్తుంది, ముందుకాళ్లు లేపుతుంది. కొరడా తీయమంటాడు కోచ్, అమ్మాయి ససేమిరా అంటోంది. అసలు కోచింగ్‌తో పిల్లకీ గుర్రానికీ మధ్య నమ్మకం పెరుగుతుందా, పోతుందా?

గడ్డిపరక:
ముందు వెట్‌కి, అదే పశువుల డాక్టర్‌కి, చూపించారా? పోటీ గుర్రాల్లో కడుపు అల్సర్లు చాలా మామూలు. వెనక కాళ్ల కీళ్లు నొప్పి పెట్టినా ఇలాగే చేస్తాయి. అది పొగరు కాదు, లోపలికెళ్తే నొప్పి అని దానికి గుర్తు. అన్నీ బాగుంటే పోటీలకి ఊరికే తీసుకెళ్లండి. సందులో నడిపించి, నిలబెట్టి, పరుగు లేకుండా ఇంటికి తెచ్చేయండి. గేటంటే ప్రతిసారీ పరుగే కాదని దానికి తెలియాలి.

కాటీ రాంచర్:
పోటీకి తీసుకెళ్లి ఊరికే తిప్పుకొస్తారా? డీజిల్ ఎవరు పోస్తారు? బారెల్ రేసింగ్ ఛాంపియన్ షార్మేన్ జేమ్స్ గుర్రం స్కాంపర్ సంగతి తెలుసా? 1985 నేషనల్ ఫైనల్స్ రోడియో పోటీల్లో కళ్లెం ఊడిపోయినా మూడు డ్రమ్ములూ చుట్టి ఆ రౌండ్ గెలిచింది. ముద్దు చేస్తే వచ్చిందా అది? డ్రిల్. అంతే.

గడ్డిపరక:
అదే స్కాంపర్ నా సాక్ష్యం కూడా! కళ్లెం లేని గుర్రాన్ని భయపెట్టి తిప్పగలరా? ఆ జంట 1984 నుంచి 1993 దాకా వరసగా 10 ప్రపంచ టైటిళ్లు గెలిచింది. ఆ పదేళ్లూ దాని మీద ఆవిడే, చేతులు మారలేదు.

కాటీ రాంచర్:
డ్రిల్ లేకుండా పదేళ్లు గెలిచిందా?

నిద్రలేని ఎన్నారై:
మా పిల్లలు చెస్‌కి వెళ్తున్నారు. ఖర్చు తక్కువ 😀

ఫ్రిస్కో నాన్న:
స్కాంపర్ వదిలేయండి బాబూ. ఒక మనిషి కళ్లెం పట్టుకుని సందులోంచి లోపలికి లాక్కెళ్తే ఎలా ఉంటుంది?

కాటీ రాంచర్:
అందరూ చేసేదే. తప్పేం లేదు.

గడ్డిపరక:
చాలా తప్పు. లీజు గుర్రం మీద నేను కూర్చుని ఉండగా మా పాత కోచ్ అలాగే లాగాడు. అది పక్కకి దూకి నా మోకాలిని గేటుకేసి నొక్కేసింది. చలికాలం వస్తే ఇప్పటికీ నొప్పే.

కాటీ రాంచర్:
మీకు దెబ్బ తగిలిందని లోకంలో కోచ్‌లంతా రాక్షసులా అమ్మా?

గడ్డిపరక:
నన్ను అమ్మా అనకండి. ఫ్రిస్కో గారూ, ఒక్కటి చెప్పండి. పోటీ రోజు ఆ గుర్రాన్ని వార్మప్ చేసేదెవరు?

ఫ్రిస్కో నాన్న:
కోచే. అమ్మాయి పరుగుకి ముందు ఎక్కుతుంది. టైమ్ బాగా రావాలని.

గడ్డిపరక:
మేత పెట్టేది?

ఫ్రిస్కో నాన్న:
గుర్రం కోచ్ వాళ్ల బార్న్‌లోనే ఉంటుంది, మేతా వాళ్లే. అమ్మాయికి స్కూల్, ట్యూషన్. నన్నేం చేయమంటారు? ఎంట్రీ ఫీజులు, ట్రైలర్, డెక్కలకి నాడాలు... నెలనెలా చేతి చమురు వదులుతోంది. ఈ సీజన్‌లో టైమ్ తగ్గకపోతే అమ్మేస్తామని పిల్లకి చెప్పేశాను కూడా.

గడ్డిపరక:
ఇదా సంగతి! అమ్మేస్తామన్న గుర్రాన్ని నమ్ముకోమని పిల్లకి ఎలా చెబుతారండీ? పరుగు 17 సెకన్లు. మిగతా రోజంతా అది కోచ్ దగ్గరే ఉంటుంది. గేటు దగ్గర టెన్షన్ పడుతున్నది ముందు మీ అమ్మాయి. జీను మీద కూర్చున్న మనిషి బిగుసుకుంటే గుర్రానికి వెంటనే తెలిసిపోతుంది. కొరడా గురించి మనం ఊరికే కొట్టుకున్నాం.

ఫ్రిస్కో నాన్న:
డబ్బు కట్టేది నేను. ఆ మాత్రం అడిగే హక్కు లేదా నాకు?

కాటీ రాంచర్:
హక్కుంది బ్రదర్. కానీ పిల్లతో ఆ మాట అనకుండా ఉండాల్సింది. ఈ ఒక్క విషయంలో ఆవిడతో ఏకీభవిస్తా. వార్మప్ మాత్రం కోచే చేయాలి.

గడ్డిపరక:
చేయకూడదు.

కాటీ రాంచర్:
సరే. బ్రదర్, ఇంతకీ గుర్రం వయసెంత? ఎంతకిస్తారు?

ఫ్రిస్కో నాన్న:
ఇన్‌బాక్స్ చూడండి. వెట్ చూశాకే ఏదైనా.