అప్‌డేట్: యారాడ కొండ దిగేటప్పుడు మోకాలి నొప్పి – కారణం తెలిసింది

విశాఖపట్నం దగ్గరి యారాడ ఘాట్ రోడ్డు పైనుంచి సముద్రపు ఒడ్డుకు నడిచి దిగేటప్పుడు మాత్రమే కుడి మోకాలి చిప్ప కింద నొప్పి ఎందుకు వస్తోందని, అదే దారిన ఎక్కేటప్పుడు ఎందుకు రావడం లేదని రెండు నెలల కిందట ఇక్కడ అడిగాను. సమాధానమిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు.

నేను భయపడిన కీళ్ల అరుగుదల కాదు. ఎక్స్‌రేలో ఏ లోపమూ కనిపించలేదు. తొడ ముందు భాగపు కండరం బలహీనంగా ఉందని ఫిజియోథెరపిస్టు గుర్తించారు. వాలు దిగేటప్పుడు ఆ కండరం సాగుతూనే శరీర బరువును బ్రేకులా ఆపవలసి ఉంటుందని, దానికి తగిన బలం లేనప్పుడు చిప్ప వెనుక ఒత్తిడి పెరిగి నొప్పి పుడుతుందని ఆమె వివరించారు. తక్కువ ఎత్తున్న మెట్టు మీద నిలబడి, ఒక్కొక్క కాలిని నిదానంగా కిందికి దించే వ్యాయామాన్ని ఆరు వారాలు చేయించారు.

మీ సూచనలలో చేతికర్ర, పొట్టి అడుగులు నిజంగా పనికొచ్చాయి. ఖరీదైన బూట్లకు నొప్పితో సంబంధం లేదని డబ్బు పోసిన తరువాత గాని తెలియలేదు. మోకాలి పట్టీ వల్ల చెమట తప్ప మార్పేమీ లేదు.

మొన్న ఆదివారం, మూడు వైపులా కొండలున్న ఆ తీరానికి మధ్యలో ఎక్కడా ఆగకుండా దిగాను. వేగంగా దిగితే మాత్రం ఇప్పటికీ కొద్దిగా సలుపుతుంది.