స్మార్ట్ టీవీ మొరాయిస్తోంది, ఏ ఆండ్రాయిడ్ బాక్స్ తీసుకోవాలి?

ప్రశ్న: 4కే టీవీ, బొమ్మ ఇప్పటికీ బ్రహ్మాండంగా ఉంది. యాప్ తెరుచుకునేలోపే అమ్మకి ఓపిక పోతోంది, అదే బాధ. "8కే, 128 జీబీ" అని రాసిన బాక్సులు తీసుకోవచ్చా?

జవాబు: అట్ట మీది అంకెలు నమ్మకండి. ముందు వైడ్‌వైన్ (వీడియోలు కాపీ కాకుండా కాపాడే గూగుల్ ఏర్పాటు) ఎల్1 స్థాయిలో ఉందా చూడండి. కింది స్థాయి ఎల్3 అయితే నెట్‌ఫ్లిక్స్ బొమ్మ 480పీ నాణ్యత దగ్గరే ఆగిపోతుంది, పెద్ద తెర మీద మొహాలు అలుక్కుపోయినట్టుంటాయి. ఎల్1 ఉన్నా నెట్‌ఫ్లిక్స్ ఆమోదం వేరే కావాలి. అసలైన గూగుల్ టీవీ గానీ ఆండ్రాయిడ్ టీవీ గానీ ఉన్నదే కొనండి. ఫోన్ ఆండ్రాయిడ్ అతికించిన బాక్సుల్లో రిమోట్‌తో మౌస్ బాణం జరుపుతూ కూర్చోవాలి. అమ్మగారిని అంత కష్టపెట్టొద్దు. పైగా ఊరూపేరూ లేని కొన్ని బాక్సుల్లో ముందే మాల్‌వేర్ ఉన్నట్టు 2023లో బయటపడింది. అలాంటిదాన్ని నా ఇంటి వైఫైలోకి రానివ్వను.

ఇంకొకరు: చిప్‌లోనే ఏవీ1 (వీడియోని కుదించే ఓ పద్ధతి) డీకోడింగ్ ఉండాలండీ, యూట్యూబ్‌కి పనికొస్తుంది. నెట్ వైరు పెట్టే ఈథర్నెట్ పోర్టు ఉంటే మరీ మంచిది.

ప్రశ్న అడిగినవారు: ఎల్1 అని తెలిసేదెలా అండీ?

మొదటి జవాబిచ్చినవారు: బాక్సులో డీఆర్ఎం ఇన్ఫో అనే యాప్ వేసి, సెక్యూరిటీ లెవెల్ అన్నచోట చూడండి. వాపసు గడువు దాటకముందే చూసేయండి.