హెల్‌క్యాట్ 707 హెచ్‌పీ అన్నారు, బండి మాత్రం లాగడం లేదు. అమ్మేసి కొత్తదాని కోసం ఆగాలా?

ఫ్రిస్కో చంటి
పొద్దున్నుంచి అయిదు గంటలు గరాజ్‌లో పడి దొర్లాను. ఇక నా వల్ల కాదు. మార్చిలో సెకండ్ హ్యాండ్ డాడ్జ్ ఛాలెంజర్ హెల్‌క్యాట్ కారు కొన్నాను, 2016 మోడల్, ఆటోమేటిక్. మొన్న శుక్రవారం రాత్రి టెక్సాస్ ఎన్నిస్‌లో డ్రాగ్ స్ట్రిప్‌కి (తిన్నటి రేసు ట్రాక్) తీసుకెళ్తే క్వార్టర్ మైలు 12.7 సెకన్లు! కంపెనీ వాళ్లు 11.2 అన్నారు కదా? పక్క లేన్‌లో మామూలు మస్టాంగ్ జీటీ నాకంటే ముందు వెళ్లిపోయింది. వీడియో తీసిన మా బామ్మర్ది ఇంకా నవ్వుతూనే ఉన్నాడు.

ఎయిర్ ఫిల్టర్ మార్చాను. స్పార్క్ ప్లగ్గులు మార్చాను, సిలిండర్‌కి రెండు చొప్పున మొత్తం 16. వెనకవైపు వాటికి చెయ్యి దూరదు, ముంజేయంతా గీరుకుపోయింది. సూపర్‌ఛార్జర్ (ఇంజిన్‌లోకి గాలి కుక్కే పంపు) బెల్టు బాగానే ఉంది. చెక్ ఇంజిన్ లైటు వెలగలేదు. అయినా బండిలో మార్పు లేదు.

ఇంకో మాట. డాడ్జ్ వాళ్ల కొత్త ఛార్జర్ కారులో మళ్లీ సూపర్‌ఛార్జర్ వీ8 (ఎనిమిది సిలిండర్ల ఇంజిన్) పెడతారని ఎక్కడ చూసినా అదే గోల. అది నిజమైతే దీన్ని ఇప్పుడే వదిలించుకోవడం మంచిదా?

బండి బాబాయ్
ఏ పెట్రోల్?

ఫ్రిస్కో చంటి
మంచిదే కొట్టిస్తాను బాబాయ్.

బండి బాబాయ్
ఆక్టేన్ నంబరు అడిగాను.

ఫ్రిస్కో చంటి
93.

సనత్‌నగర్ స్పానర్
93కే ఇంత బిల్డప్పా? మా హైదరాబాద్‌లో మొన్నటిదాకా ఏ బంకుకి వెళ్లినా మామూలు పెట్రోలే 91 ఉండేది. దానికంటే రెండే రెండు పాయింట్లు ఎక్కువ. అంత బండికి అది చాలదేమో అన్నా, 100 కొట్టించి చూడు.

లెక్కల మాస్టారు
స్పానర్ గారూ, ఆ రెండు అంకెలూ ఒకటి కాదు. ఆక్టేన్ కొలిచే పద్ధతులు రెండు, ఆర్‌ఓఎన్, ఎంఓఎన్. ఇండియాలో రాసేది ఆర్‌ఓఎన్. అమెరికాలో పంపు మీద ఉండేది ఆర్‌ఓఎన్, ఎంఓఎన్ రెండూ కలిపి సగం చేసిన అంకె. ఇక్కడి 93 అంటే మీ లెక్కలో సుమారు 98. హెల్‌క్యాట్‌కి ఇక్కడి 91 ఉంటే చాలు, కాబట్టి చంటి పెట్రోల్‌లో లోపం లేదు.

ఎక్కువ ఆక్టేన్ ఎందుకంటే, సూపర్‌ఛార్జర్ గాలిని కుక్కుతుంది, కుక్కిన గాలి వేడెక్కుతుంది. తక్కువ ఆక్టేన్ పెట్రోల్ అయితే ప్లగ్గు మంట అంతా పాకకముందే ఓ మూల దానంతట అదే అంటుకుంటుంది. నాకింగ్ అంటారు చూడండి, అదే. దాన్ని పసిగట్టిన కంప్యూటర్ ప్లగ్గు వెలిగే టైమింగ్ వెనక్కి లాగుతుంది, పవర్ పడిపోతుంది. ఎండాకాలం టెక్సాస్‌లో రెండు మూడు రన్నులు వరసగా కొడితే మంచి పెట్రోల్‌తో కూడా కాస్త తగ్గుతుంది. మొదటి రన్నులోనే 12.7 వచ్చిందా?

ఫ్రిస్కో చంటి
మొదటిది 12.8. రెండోది, మూడోది 12.7.

ఈల వేసే ఇంజిన్
డ్రైవర్ వైపు లోపలి హెడ్‌లైట్ చూశావా? అది లైటు కాదు, నడిమధ్య బొక్క. ఇంజిన్ అక్కడినుంచి కూడా గాలి పీలుస్తుంది. నా ఫ్రెండ్ బండిలో కందిరీగలు గూడు పెట్టాయి.

అమ్మడం గురించి మాత్రం నా మాట విను, తొందరపడకు! 2023 డిసెంబర్‌లో కెనడాలోని బ్రాంప్టన్ ఫ్యాక్టరీలో ఛాలెంజర్ లైను మూసేశారు. తర్వాత కొత్త ఛార్జర్ కరెంటు బండిగా వచ్చింది, ఆ వెనకే 3.0 లీటర్ల ట్విన్ టర్బో ఆరు సిలిండర్లు, 550 హెచ్‌పీ. అయితే 6.2 సూపర్‌ఛార్జర్ ఇంజిన్ చావలేదు. ఛాలెంజర్ ఆగిపోయాక కూడా డాడ్జ్ డురాంగో ఎస్‌యూవీలో 710 హెచ్‌పీతో అమ్ముతూనే ఉన్నారు. తయారీలో ఉన్న ఇంజిన్ని ఇంకో బండిలోకి ఎక్కించడం, కొత్త ఇంజిన్ పుట్టించినంత కష్టం కాదు. నిప్పు లేనిదే పొగ రాదు.

సనత్‌నగర్ స్పానర్
పొగ వచ్చేది ఆన్‌లైన్‌లో. ఎమిషన్ పరీక్ష ఎవరు పాస్ చేయిస్తారు? బండి ముందువైపు బరువు ఎవరు తగ్గిస్తారు? అసలు ఈ కాలంలో సూపర్‌ఛార్జర్ ఎందుకు? టర్బో కూడా గాలి కుక్కేదే, కానీ అది ఎలాగూ బయటికి పోయే పొగతో తిరుగుతుంది. సూపర్‌ఛార్జర్ బెల్టుతో ఇంజిన్ మీదే బతుకుతుంది. హెల్‌క్యాట్‌లో ఫుల్ లోడు మీద దాన్ని తిప్పడానికే సుమారు 80 హెచ్‌పీ పోతుంది. జీతం రాకముందే ఈఎంఐ కోసేసినట్టు.

ఈల వేసే ఇంజిన్
కోసినా ఇంకా 707 మిగిలిందిగా బ్రో! టర్బో అంటే ముందు అడుగు, తర్వాత ఆలోచన, ఆ తర్వాత పరుగు. దీనికి కాలు పెట్టగానే ఉంటుంది. ఆ సూపర్‌ఛార్జర్ ఈల వినకపోతే నీకు చెప్పినా అర్థం కాదు.

2014లోనూ ఇలాగే కొట్టుకున్నాం. డాడ్జ్ వాళ్లు మేలో హెల్‌క్యాట్ చూపించి "600 పైన" అని ఊరుకున్నారు. ఎవరి అంచనా వాళ్లు వేసుకున్నారు. జూలైలో 707 అనేసరికి అందరి నోళ్లూ మూతపడ్డాయి.

లెక్కల మాస్టారు
సూపర్‌ఛార్జర్లలో రకాలున్నాయి, ఈల గారు రూట్స్ గురించి మాట్లాడుతున్నారా, ట్విన్ స్క్రూ గురించా? హెల్‌క్యాట్‌ది ట్విన్ స్క్రూ, 2.4 లీటర్లు. దాని మరలు గాలిని లోపలే నొక్కుతాయి. షెల్బీ జీటీ500, కమారో జెడ్‌ఎల్1 లాంటివి రూట్స్ రకం. అవి గాలిని ఇటునుంచి అటు తోస్తాయి, నొక్కుడు బయట జరుగుతుంది. రూట్స్ అన్నదమ్ములు దాన్ని 1860లో కొలిమికి గాలి ఊదడానికి పేటెంట్ చేయించారు. కారు అప్పటికి పుట్టలేదు.

ఈల వేసే ఇంజిన్
చెవికి రెండూ ఈలే మాస్టారూ.

పాత ఇనుము
మిషిగన్‌లో 31 ఏళ్లుగా ఉంటున్నాను, ఒక్కటి చెప్పనివ్వండి. పైన మస్టాంగ్‌ని కూడా మజిల్ కార్ లెక్కలో మాట్లాడుతున్నారు. అది 'పోనీ కార్', అంటే చిన్న సైజు స్పోర్టీ బండి. మజిల్ కార్ అంటే మధ్యరకం సైజు కారులో పెద్ద ఇంజిన్ ఇరికించడం, 1964 పాంటియాక్ జీటీఓ లాగా. మాటలు సరిగ్గా వాడకపోతే చర్చకి అర్థం ఏముంది?

సనత్‌నగర్ స్పానర్
సార్, 1970 మోడల్‌గా ఛాలెంజర్ వచ్చిందే మస్టాంగ్, కమారోలకి పోటీగా. మీ లెక్కన చంటి అన్న బండి కూడా పోనీయేగా?

పాత ఇనుము
1970 సంగతి వేరు. ఇప్పటి ఛాలెంజర్ సైజు చూశారా?

సనత్‌నగర్ స్పానర్
సైజు పెరిగితే జాతి మారుతుందా సార్? అలాగైతే నేనెప్పుడో ఏనుగుని.

లెక్కల మాస్టారు
చంటీ, సెకన్లు పక్కన పెట్టు. గీత దాటేటప్పుడు స్పీడ్ గంటకి ఎన్ని మైళ్లు? ట్రాక్ వాళ్లిచ్చిన చీటీలో ఉంటుంది. సెకన్లలో టైర్లు జారడం, స్టార్టింగ్ బాగా లేకపోవడం అన్నీ కలుస్తాయి. స్పీడ్ మాత్రం దాదాపు ఇంజిన్ సంగతే చెబుతుంది.

ఫ్రిస్కో చంటి
ప్యాంటు వాషింగ్ మెషీన్లో వెయ్యకముందే దొరికింది. 112.

లెక్కల మాస్టారు
నీతో కలిపి బండి 4,650 పౌండ్లు అనుకుందాం. 112ని 234తో భాగించి, వచ్చినదాన్ని ఘనం చేసి, బరువుతో హెచ్చవేస్తే సుమారు 510 హెచ్‌పీ. అదే 125 మైళ్లకి చేస్తే 709 వస్తుంది. అంటే మంచి హెల్‌క్యాట్ 125 దగ్గర గీత దాటాలి. ఇది ఉజ్జాయింపు సూత్రమే అనుకో, కానీ 200 తేడా సూత్రం తప్పు కాదు. ఇంకో విచిత్రం, జబ్బు చేసిన ఇంజిన్ ఒకసారి 480, ఒకసారి 560 ఇస్తుంది. నీది మూడు రన్నులూ ఒకేలా వచ్చి 500 దగ్గర ఆగింది. ఎవరో గేటు వేసినట్టుంది.

బండి బాబాయ్
తాళం రంగు?

ఫ్రిస్కో చంటి
తాళానికీ దీనికీ ఏంటి సంబంధం? నలుపు. అమ్మినాయన అదొక్కటే ఇచ్చాడు, రెండోది పోయిందన్నాడు.

బండి బాబాయ్
నల్లది 500. ఎర్రది 707.

ఈల వేసే ఇంజిన్
అయ్యో రామా. అన్నా, ఈ ముక్క మొదట్లోనే చెప్పొద్దూ! హెల్‌క్యాట్‌కి రెండు రంగుల తాళాలు ఉంటాయి. నల్ల దానితో స్టార్ట్ చేస్తే కంప్యూటరే 500 దగ్గర ఆపేస్తుంది, పిల్లలకో డ్రైవర్‌కో ఇవ్వడానికి. పాడవలేదు కాబట్టే లైటు వెలగలేదు.

ఫ్రిస్కో చంటి
ఒకటే తాళం కదా, రంగు కూడా చెప్పాలా అనుకున్నాను. 16 ప్లగ్గులు బాబాయ్. 16.

లెక్కల మాస్టారు
ముందు అమ్మినాయన్నే ఇంకోసారి అడుగు, ఏ సొరుగులోనో ఉండొచ్చు. లేకపోతే బండి కాగితాలు, ఐడీ పట్టుకుని డీలర్ దగ్గరికి వెళ్లు, ఎర్రది తెప్పించి ప్రోగ్రామ్ చేస్తారు. చవగ్గా అవుతుందనుకోకు.

సనత్‌నగర్ స్పానర్
ఇంతకీ అన్నా, బండి అమ్ముతున్నావా లేదా? కొత్త దానికి ఏ తాళమిస్తారో కూడా రూమర్ వచ్చాక చెబుతాం.

పాత ఇనుము
నా ప్రశ్నకి ఎవరూ సమాధానం ఇవ్వలేదు. 1970 ఛాలెంజర్ వీల్‌బేస్ ఎంతో చూసి రండి, అప్పుడు మాట్లాడదాం.

ఫ్రిస్కో చంటి
సోమవారం డీలర్‌కి ఫోన్ చేస్తా. థాంక్స్ బాబాయ్. తాళం సంగతి మా బామ్మర్దికి చెప్పకండి, వాడు కూడా ఈ గ్రూపులోనే ఉన్నాడు.